చల్లని కవర్లు

కవరు లోపల నీటి చుక్కలు పట్టి ఉన్నాయి. మమత ఇంకోటి తీసి చూసింది. అందులోనూ అంతే.

తరిగిన కూరగాయలు కవర్లలో కట్టి గోదావరిఖని కాలనీలో అమ్ముతుంది ఆమె. పొద్దున కట్టినప్పుడు ఇవి పొడిగా ఉన్నాయి.

"అత్తా, కరెంటు పోయిందా?"

"లేదు. నేనే ఫ్రిజ్ బంద్ చేసిన," అంది సారవ్వ. "ఉపేందర్ నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకుంటే అది పక్కన గుర్రుమంటది. వాడు లేవంగనే మల్ల వేసిన గదా."

నైట్ షిఫ్టు మనిషి పగలు పడుకుంటే ఆ ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కానివ్వరు. సారవ్వకు భర్త బొగ్గుగనికి పోయే రోజుల నుంచీ అదే అలవాటు, ఇప్పుడు కొడుకు కోసం.

"ముట్టి చూడు, మంచు లెక్కున్నయ్. వాసన గూడ లేదు."

"గదే నా ఫికర్."

వెచ్చబడినప్పుడు పెరిగిన క్రిములు మళ్లీ చల్లబరిస్తే చావవు, వాసనా ఇవ్వకపోవచ్చు. ఈ వ్యాపారం మొదలుపెట్టేముందు ఇచ్చిన శిక్షణలో ఆ మాట ఒకటికి రెండుసార్లు చెప్పారు. వండుకునే కూరలైతే వేరు. ఇందాక అదే వీధిలో ఉండే జహీరా తీసుకుపోయింది కీర, క్యారెట్ ముక్కలు. ఆమె కూతురు సుమైరా పచ్చివే తింటుంది. కడుపుతో ఉంది. పోయినసారి నిలవలేదు.

మమత చెప్పులు కూడా వేసుకోకుండా జహీరా ఇంటికి పరుగెత్తింది.

సుమైరా మంచం మీద కూర్చుని ఉంది. పక్కన కవరు, సగం ఖాళీ. మమత దాన్ని లాక్కుని జరిగింది చెప్పింది.

"కీర ముక్కకు ఇంత లొల్లి ఏంది పిన్నీ?" అని నవ్వింది సుమైరా. ఇంకెవరూ నవ్వలేదు.

"నీ దగ్గర సాఫ్‌గ ఉంటయనే తీస్కచ్చిన," అంది జహీరా. "ఏమైతది చెప్పు."

"ఏం గాకపోవచ్చు అక్కా. గానీ నాకు తెల్వది. దవాఖానకు పోదాం పా. డాక్టర్‌కు నేనే చెప్త."

జ్వరం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే రమ్మన్నారు డాక్టరు. కొన్ని క్రిములు వారాలకు గానీ బయటపడవన్నారు.

మర్నాడు ఉపేందర్ పడుకున్నాడు. కవర్లన్నీ పారేయడంతో ఖాళీ అయిన ఫ్రిజ్ గుర్రుమంటూనే ఉంది. సారవ్వ దాని జోలికి పోలేదు. కొడుకు చెవుల్లో దూది పెట్టింది. మమత మాత్రం ఒక్కచోట నిలవలేకపోతోంది. వీధిలో ఆటో ఆగిన చప్పుడైతే చాలు, జహీరా ఇంటి ముందేనా అని వాకిట్లోకి పరుగెత్తుతోంది.