కుడికాలి దెబ్బ

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మా బృందంలో ఎవర్ని అడిగినా చెబుతారు. పాటలో ఎవరైనా తప్పితే అక్కడికక్కడే తల తిప్పి ఒక్క చూపు చూస్తాను. ఒకసారి నా చూపుకి బెదిరిపోయి మా గాయని చరణం మాటలు మర్చిపోయి, లాలలా అంటూ చివరిదాకా లాక్కొచ్చింది. తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయిందిలే, మళ్లీ మాత్రం మర్చిపోలేదు.

ఇరవై రెండేళ్లుగా బేస్ గిటారు, లావు తీగలతో మంద్రంగా మోగే గిటారు, వాయిస్తున్నాను. పెద్ద హోటల్లో మధ్యాహ్నం భోజనాల వేళ రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. గాయని, కీబోర్డాయన, నేను, డ్రమ్ముల మీద మా అన్నయ్య. తినేవాళ్లెవరూ నా వంక చూడరు. నేను ఆపేస్తే మాత్రం ఏదో తగ్గిందని తలెత్తుతారు, ఏం తగ్గిందో వాళ్లకే తెలీదు.

బేసు వాయించేవాళ్లకి అసలు గురువు డ్రమ్ము వాయించేవాడి కుడికాలు. ఆ కాలితో తొక్కే పెద్ద డ్రమ్ము ఎక్కడ దబ్ మంటుందో అక్కడే నా తీగ పలకాలి. పాటలో స్వరాల గుంపు, అదే కార్డు, మారితే దాని మూలస్వరం సరిగ్గా ఆ దెబ్బ మీదే పడాలి. అలా పడితే రెండూ ఒకే శబ్దమైపోతాయి. పదహారేళ్లప్పుడు నాకిది నేర్పింది అన్నయ్యే. "వేళ్లు చూసుకుంటావేమే, నా కాలు చూడు" అనేవాడు. తప్పితే డ్రమ్ము పుల్లతో నెత్తి మీద ఒకటి వేసేవాడు. ఆ తర్వాత నేను చూడని పాట లేదు, ఆ కాలు తప్పిన పాటా లేదు.

ఏడాదిన్నర క్రితం తప్పింది. మధ్యాహ్నం, రెండో పాట, రెండో చరణం. మొదటి దెబ్బ పడాల్సిన చోట ఖాళీ. పాదం కదిలింది కానీ పెడలు దిగలేదు. నేను ఆలోచించలేదు. ఎడమచేతి వేళ్లు తీగ మీద ఊరికే ఆనించి కుడి బొటనవేలితో కొట్టాను. అలా కొడితే స్వరం ఉండదు, మొద్దుగా దబ్ మంటుంది. ఖాళీ పూడిపోయింది. ఎవరికీ తెలియలేదు. నేను తల తిప్పి చూడలేదు.

ఎందుకు చూడలేదో చెబుతాను. ఆ మధ్య కీబోర్డాయన సంచిలో చిన్న పెట్టె ఒకటి తెస్తున్నాడు. మీట నొక్కితే డ్రమ్ములు దానంతటదే వాయిస్తుంది. "అలిసిపోదు, ఆలస్యంగా రాదు" అని గాయనికి చెబుతుంటే నా చెవిన పడింది. నేను చూస్తే వాళ్లూ చూస్తారు. యాభై మూడేళ్ల మనిషిని పెట్టె కోసం తీసేస్తారేమోనని నా భయం. వయసు మీద పడుతోంది, ఒకటీ అరా తప్పితే నేను సర్దుకుంటానులే అనుకున్నాను.

ఒకటీ అరా కాస్తా పాటకి నాలుగైదయ్యాయి. నేను తీగలు మార్చాను. అంతవరకూ నావి గరుకు తీగలు, గణగణా మోగేవి. వాటిని తీసేసి నున్నటివి వేశాను, మందంగా, గుండ్రంగా పలుకుతాయి. అదీ చాల్లేదు. గిన్నెలు తోమే స్పాంజి కొనుక్కొచ్చి, వేలెడంత ముక్క కోసి, తీగల చివర్లు గిటారు చెక్కకి బిగిసే బ్రిడ్జి దగ్గర, వాటి కింద జిగురేసి అంటించాను. దాంతో తీగ మోత వెంటనే చచ్చిపోయి అచ్చం డ్రమ్ము దెబ్బలా పడేది. అరచేతి అంచు కూడా తీగల మీదే ఆనించి, వేళ్లు మానేసి బొటనవేలితోనే వాయించడం మొదలుపెట్టాను. అన్నయ్య కాలు ఎప్పుడు దిగదో అరక్షణం ముందే నాకు తెలిసిపోయేది. పాదం అంచు వాలేది. అది చూసి నేను కొట్టేదాన్ని.

"ఈ మధ్య మీ ఇద్దరూ ఒక్క మనిషే వాయిస్తున్నట్టుంది" అన్నాడు కీబోర్డాయన. పెట్టె తేవడం మానేశాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు గర్వంగా ఉండేది. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు.

ఒకరోజు మా వదిన వంటింట్లో గిన్నెలు తుడుస్తూ అడిగింది. "మీ అన్నయ్య కాలు ఈడుస్తున్నట్టు లేదూ? కుడి చెప్పు ముందు భాగం అరిగిపోయింది, ఎడమది కొత్తదానిలా ఉంది. అడిగితే చెప్పులు మంచివి కావంటాడు. వాయించేటప్పుడు ఎలా ఉంటున్నాడు?"

"గడియారంలా వాయిస్తున్నాడు" అన్నాను. "నీదంతా అనుమానం వదినా. చెప్పులు మార్చి చూడు."

వదిన నా మాట నమ్మింది. కొత్త చెప్పులు కొంది.

పోయిన నెల మధ్యాహ్నం పాటలయ్యాక అందరం లేచాం, అన్నయ్య లేవలేదు. నవ్వుతూ చెయ్యి చాచాడు. తిమ్మిరెక్కిందేమో అనుకుని లాగాను. రెండు కాళ్లూ కింద మడతపడిపోయి నా మీద కూలాడు. ఇద్దరం కలిసి డ్రమ్ముల పక్క స్టాండ్లకున్న తాళాల మీద పడ్డాం. ఆ ఇత్తడి పళ్లేల చప్పుడుకి హాలంతా చెంచాలు ఆపి చూసింది.

నాలుగు రోజులు పరీక్షలు చేశారు. ఐదోరోజు నరాల డాక్టరమ్మ మమ్మల్ని గదిలోకి పిలిచింది. చక్రాల కుర్చీలో అన్నయ్య, అటు వదిన, ఇటు నేను. వెన్నులో గడ్డ ఉందంది. మెల్లగా పెరిగే రకం, ప్రాణానికి భయం లేదు, కోసి తీసేస్తామంది. "కాళ్లు తిరిగొస్తాయా లేదా అన్నది మాత్రం నరం ఎన్నాళ్ల నుంచి నలుగుతోందో దాన్నిబట్టి ఉంటుంది. ఆరునెలల లోపైతే మంచి ఆశే. కాలు మొరాయించడం ఎప్పుడు మొదలైంది?"

"నెలన్నర" అన్నాడు అన్నయ్య, తడుముకోకుండా.

"బాగా గుర్తు చేసుకోండి."

"తిమ్మిరి అంతకుముందు నుంచీ ఉంది డాక్టరు గారూ, అబద్ధమెందుకు. కానీ కాలు మాత్రం పని చేసింది. రోజుకి నాలుగు గంటలు ఆ కాలితోనే కదా నా బతుకు. ఒక్క దెబ్బ తప్పలేదు. తప్పితే ఇదిగో, మా చెల్లెలు ఊరుకునే రకం కాదు." నా వైపు చూపించి నవ్వాడు. "ఇది నన్ను ఒక్కసారి కూడా చూడలేదు. అంటే కాలు బాగున్నట్టే."

డాక్టరమ్మ నెలన్నర అని రాసుకోబోయింది.

"ఏడాదిన్నర" అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. చెప్పాను. రెండో పాట, రెండో చరణం దగ్గర్నుంచి మొదలుపెట్టి తీగలు, స్పాంజి, బొటనవేలు, అన్నీ. చెబుతుంటే నాకే వినబుద్ధి కాలేదు. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. వదిన నా మొహం వంక అలాగే చూస్తూ ఉండిపోయింది.

"పాదానికి తెలిసేది కాదే" అన్నాడు అన్నయ్య. "చెవికి వినిపించేది. వినిపిస్తోంది కదా అని... నేనే తొక్కుతున్నాననుకున్నాను."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ డ్రమ్ము పుల్లతో నా నెత్తి పగలగొట్టినా బాగుండేది.

గడ్డ తీసేశారు. మూడు వారాలైనా కాళ్లు అలాగే పడి ఉన్నాయి. వదిన నాతో మాట మానేసింది. నేను ఆసుపత్రికి వెళితే మంచినీళ్ల సీసా నా ముందు పెడుతుంది, కుర్చీ జరుపుతుంది, కిటికీ దగ్గరికెళ్లి నిలబడుతుంది. అంతే. నేనైనా అంతే చేసేదాన్ని, కాదు, ఇంకా ఎక్కువే చేసేదాన్ని.

నిన్న అన్నయ్య ఫోను చేశాడు. "కుడి తొడలో ఏదో జిల్లుమంటోందే. బేసు పట్రా, చూద్దాం."

స్పాంజి పీకేసి తీసుకెళ్లాను. జిగురు మరక మాత్రం పోలేదు. పగలు పదకొండు గంటలకి వార్డంతా గోల, తోపుడు బళ్లు, మందుల ట్రేలు, ఎవరిదో టీవీ. బేసు అన్నయ్య కుడి తొడ మీద అడ్డంగా ఆనించి, అన్నిటికన్నా లావు తీగ కొట్టాను. ఆ చెక్క అదురు నా మోచేతి దాకా వచ్చింది.

"తెలిసింది" అన్నాడు.

కిటికీ దగ్గర వదిన గిరుక్కున తిరిగింది. మళ్లీ కొట్టాను. "తెలిసింది." ఇంకోసారి. "తెలిసింది." వదిన మంచం దగ్గరికొచ్చింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవుడా, బతికాను అనుకున్నాను.

తర్వాత ఏదో అనుమానమొచ్చింది. అన్నయ్య మాట మరీ తాళంలో పడుతోంది. కాలికి తగిలి, తెలిసి, చెబితే కొంచెం వెనకబడాలి. ఇది సరిగ్గా నా దెబ్బతో కలిసి పడుతోంది. తలెత్తాను. అన్నయ్య కళ్లు నా బొటనవేలు మీదే ఉన్నాయి. ఏడాదిన్నర నేను ఆ పాదాన్ని చూసినట్టే చూస్తున్నాడు.

ఎడమచెయ్యి తీగల మీద గట్టిగా అదిమాను. ఈసారి బొటనవేలు తీగకి తగలనివ్వకుండా గాలిలోనే ఊపాను.

"తెలిసింది" అన్నాడు.

తల తిప్పి చూశాను. ఏడాదిన్నర క్రితం రెండో చరణం దగ్గర చూడాల్సిన చూపు అది. అన్నయ్య కళ్లు దించుకున్నాడు. "మీ వదిన నీతో మాట్లాడుతుందనే" అన్నాడు, నాకొక్కదానికే వినపడేలా.

వదిన మంచం పట్టీ పట్టుకుని వంగింది. "ఆపావేం?" అంది. మూడు వారాల్లో నాతో అన్న మొదటి మాట. "ఇంకోసారి వాయించు. తెలుస్తోంది కదా మీ అన్నయ్యకి?"

బేసు తీసి నా ఒళ్లో పెట్టుకున్నాను.

"లేదు వదినా" అన్నాను. "ఏమీ తెలియట్లేదు."