గురువారం సంగతి ఎవరు చెప్పిండ్రు

అక్క రిపోర్టు రేపే గదా అన్నా, గురువారం పదిన్నరకు, నువ్వు గూడ పోతున్నవా అని టీవీల నుంచి ముఖీమ్ అడిగిండు, టమాట ధర అడిగినంత మామూలుగ అడిగిండు, అడిగి ఎంబడే ముందట వాగున్నది జర స్లో చెయ్ అన్నడు, నేను స్లో చెయ్యలే, ఆటల జీపు పోయి వాగుల పడ్డది, నీళ్లు తాగిన ఇంజన్ చప్పుడు ఇల్లంత నిండింది, నేను జీపును బయటికి తియ్యలే, ఎందుకంటే స్టెల్లా రొమ్ముల గడ్డ ఉన్నదనీ, సూది పెట్టి ముక్క తీసి పరీక్షకు పంపిండ్రనీ ఈ భూమ్మీద తెల్సింది ఇద్దరికే, ఒకరు స్టెల్లా, ఇంకొకరు ఆమె మొగణ్ని నేను, ముఖీమ్ అనేటోని మొహం నేను ఇప్పటిదాక చూడలే, కోహెడల ఉంటడట, రింగురోడ్డు పక్క గోదాంల రాత్రి డ్యూటీ సెక్యూరిటీ అట, అన్నీ అటలే, వాడు నాకు ఒక గొంతు, అంతకు మించి ఏం లేదు, ఆ గొంతుకు నా పెండ్లాం ఒంట్ల గడ్డ సంగతి ఎట్ల తెల్సింది, నేను రిమోట్ నడుమ ఉన్న బటన్ వత్తి పట్టుకొని వీడియో గేమ్ మెషీన్ బంద్ చేసిన, వాడు అన్నా అన్నా అంటనే ఉన్నడు, గొంతు సగంల తెగింది, గోడ గడియారం నాలుగూ ఇరవై, స్టెల్లా కాలేజీ లైబ్రరీకి తాళం ఏసి ఐదున్నరకు ఇంటికొస్తది, అంటే నాకు గంటా పది నిమిషాలున్నయి, అంతల్ల చెప్పినోన్ని పట్టుకోవాలె, ఎందుకంటే స్టెల్లా నన్ను అడిగింది ఒక్కటే, రిపోర్టు వచ్చేదాక ఎవ్వరికి చెప్పకు, మా తమ్ముడు వినోద్‌కు అసలే చెప్పకు, అమ్మ గిట్లనే గడ్డతోని పోయింది, అప్పటి సంది వాడు దవాఖాన గేటు చూస్తేనే కక్కుకుంటడు, చర్చిల గూడ చెప్పకు, ఆదివారం ప్రార్థన విన్నపాలల్ల నా పేరు చదివితే సోమవారం వరకు నన్ను పాతిపెట్టి వస్తరు అన్నది, అని నవ్వింది గూడ, ఆ ఒక్క మాట నేను నిలబెట్టకపోతే ఇగ ఆమె ఏదీ నాతోని చెప్పదు, మంచైనా చెడ్డైనా నోరు మూసుకొని ఒక్కతే మోస్తది, ఇరవై రెండేండ్ల సంసారం, నాకు తెల్వదా.

ఈ మెషీన్ ఇంట్లకు వచ్చిందే వినోద్ చేతుల మీద, బొంగులూరు కాడ కస్టమర్‌కు ప్లాటు చూపిచ్చి వస్తుంటే బండి జారి నా కాలిరిగింది, ఆరు వారాలు కట్టు, వెంచర్ల ఏజెంటుకు కాలు ఆడకపోతే నోరు ఎంత ఆడి ఏం లాభం, నేను గోడ మీద, ఫ్యాన్ మీద, స్టెల్లా మీద అరుసుడు చూసి బామ్మర్ది వినోద్ కుమార్ తన పాత మెషీన్ సంచిల ఏసుకొని వచ్చిండు, బస్ డిపోల ఎలక్ట్రీషియన్ వాడు, వైర్లంటే పానం, బావా నీకు బండి నడపకపోతే అన్నం అరగదు గదా, దీంట్ల కాళ్లతోని పనిలేదు, బొటనవేళ్లుంటే చాలు అన్నడు, నెట్టు కలిపిండు, అప్‌డేట్ అనుకుంట రెండు గంటలు ఒక నీలం గీత నిండుతనే ఉన్నది, అటెన్క ఖాతా తెరువాలె పేరు పెట్టు అన్నడు, నేను ఒక్కొక్క అక్షరం ఏరి సాల్మన్ రాజు ఇబ్రహీంపట్నం ప్లాట్స్ అని పెట్టిన, కింద ఖాళీ జాగ ఉన్నది, నీ గురించి ఏమన్న రాస్కో అన్నడు, ఫోన్ నంబర్ రాసిన, ఫొటో జాగల లేఅవుట్ బొమ్మ పెట్టిపిచ్చిన, వాడు నెత్తి పట్టుకున్నడు, బావా ఇది ఫ్లెక్సీ కాదు, తుపాకులు పట్టుకొని ఉరికేటోళ్లకు నువ్వు తూర్పు ఫేసింగ్ ప్లాటు అమ్ముతవా అన్నడు, బోర్డు కట్టేటందుకు కరెంటు స్తంభాన్ని గూడ వదలనోన్ని, దీన్ని వదుల్తనా అన్న, మొదటి మూడు రోజులు మస్తు ఆగమైన, ముందుకు పొమ్మంటే ఆటల మనిషి ఆకాశం దిక్కు చూస్తడు, నిలబడంగనే ఎవడో కాలుస్తడు, ఎవడో హిందీల తిడ్తడు, ఎవడో చిన్న పిల్లగాడు ఇంగ్లీషుల నవ్వుతడు, నాలుగో రోజు చెవుల తెలుగు పడ్డది, అన్నా మాది కోహెడ, నీ పేరుల ఇబ్రహీంపట్నం చూసి రిక్వెస్టు పెట్టిన, రిమోట్ మీద ఎడమ పుల్ల కాళ్లు, కుడి పుల్ల కండ్లు, గంతే, ఫికర్ చెయ్యకు, నువ్వు జీపు నడుపు నేను దారి చెప్త అన్నడు, గట్ల మొదలైంది, కొండల మీద సామాను మోసే ఆట, ఇద్దరం ఒకటే జీపుల, పొద్దున సగం, సాయంత్రం సగం, తమ్ముడు దొరికిండు అనుకున్న, ఇప్పుడు ఆలోచిస్తే, దునియల లక్షమంది ఆడుతుంటే నన్నే ఎందుకు పట్టుకున్నడు, ఊరి పేరు చూసిండట, ఊరి పేరు చూసి దోస్తానా చేసేటోడు ఇల్లు గూడ చూసిండేమో, ఇంట్ల మనుషులను గూడ చూసిండేమో.

ఒక్కటి మాత్రం ఖాయం, నా నోట్ల నుంచి పోలే, రుజువు గూడ ఉన్నది, రిపోర్టు శనివారం అని స్టెల్లా నాకు చెప్పింది, వీడు అంటున్నది గురువారం, వాకర్ పట్టుకొని కుంటుకుంట బీరువ కాడికి పోయి దవాఖాన కాయితం తీసిన, చీరల కింద, ప్లాస్టిక్ కవర్ల ఉన్నది, రిపోర్టు గురువారం పదిన్నర, డాక్టర్‌ను కలువాలె, తోడు ఒకరు రావాలె అని గూడ రాసి ఉన్నది, అంటే వాడు చెప్పిందే నిజం, నాకు తెల్సింది అబద్ధం, నాకే తెల్వని ముచ్చట నా నుంచి ఎట్ల బయటికి పోతది, ఏ పోలీసోడైనా నన్ను మొదలే పక్కకు నిలబెడ్తడు, మరి నాకంటే ఎక్కువ తెల్సినోళ్లు ఎవరు, ఎదురింటి అనంతమ్మ, ఆడోళ్ల ప్రార్థన గుంపుకు పెద్ద, నిన్న గిన్నెల తలకాయ కూర తెచ్చి స్టెల్లా చిక్కిందేందిరా సాల్మనూ, నువ్వు తింటున్నవా ఆమెకు పెడుతున్నవా అన్నది, అన్నప్పుడు ఆమె కండ్లు నా మొహం మీద లేవు, బీరువ మీద ఉన్నయి, కానీ అనంతమ్మకు టీవీ రిమోటే రాదు, కోహెడ ముఖీమ్‌కు ఎట్ల చెప్తది, ఇగ మిగిలింది, ఇగ మిగిలింది స్టెల్లానే, ఈ తలంపు తోసేసినా మళ్ల వచ్చింది, వారం కింద వంటింట్ల నుంచి అన్నది గదా, నీ దోస్తు మంచిగ మాట్లాడ్తడు, ఓడిపోయినా తిట్టడు, నిన్ను చూసి నేర్సుకోలే పాపం అని, నవ్వుకుంట అన్నది, నేను గూడ నవ్విన, శుక్రవారం బట్టలుతికే బండ కాడ ఫోన్ల మెల్లగ మాట్లాడింది, ఎవరంటే దవాఖానోళ్లు అన్నది, దవాఖానోళ్లతోని గంత మెల్లగ ఎవరు మాట్లాడ్తరు, నా ఫోన్ నంబర్ నేనే ఆటల రాసి పెట్టిన, నేను పండుకున్నప్పుడు ఫోన్ మోగితే ఎత్తేది ఆమెనే, మొగనికి శనివారం అని చెప్పి పరాయోనికి గురువారం అని చెప్పిందా, మొగడు రాకుండనా, వాడు తోడు పోయేటందుకా, నా నోరు నాకే చేదైంది, అయినా ఆలోచన ఆగలే, బ్రేకు పడని బండి లెక్క పోతనే ఉన్నది, పోయి పోయి వినోద్ కాడ ఆగింది, ఆగంగనే అంతా తేటగ కనపడ్డది, మెషీన్ వాందే, పాస్‌వర్డు వాడు పెట్టిందే, ఆదివారం ఛార్జర్ కోసం అని బీరువ తలుపు తీసింది వాడే, కాయితం చూసిండు, భయపడ్డడు, కక్కలేక మింగలేక ఆటల దోస్తుకు చెప్పుకున్నడు, ముఖీమ్ వాని పాత దోస్తే అయ్యుంటడు, బావకు తోడుండు అని వాడే పంపి ఉంటడు, ఇంతకంటే పక్కా కేసు ఉండదు, నాలుగూ నలభైకి ఫోన్ కొట్టిన.

ఏందిరా వినోద్, అక్క గడ్డ సంగతి, రిపోర్టు సంగతి ఆటలల్ల చాటింపు ఏస్తున్నవా, నీకు నోరు ఆగదా అన్న, అటు దిక్కు పానా ఏదో నేల మీద పడ్డ చప్పుడు, ఎవరో బస్సు రేసు చేస్తున్నరు, ఏం గడ్డ బావా అన్నడు వినోద్, నేను నాటకాలాడకు అన్న, ఏం రిపోర్టు బావా, అక్కకేమైంది అన్నడు, ఆ గొంతు వినంగనే తెల్సింది, వానికి తెల్వదు, తెల్సినోని గొంతు గట్ల సన్నగ కాదు, ఏం లేదురా, ఊకెనే, వేరే ముచ్చట అనుకొని అన్న అని ఏదేదో కలిపిన, ప్లాట్లు అమ్మే నోరు, ఇరవై ఏండ్ల నుంచి రాళ్ల జాగను పూలతోట అని నమ్మించిన నోరు, బామ్మర్ది ముందట ఒక్క అబద్ధం నిలబెట్టలేకపోయింది, అమ్మకు గూడ ముందుగాల ఏం లేదనే చెప్పిండ్రు బావా అని వాడు ఫోన్ పెట్టేసిండు, మళ్ల కొడితే ఎత్తలే, మూడుసార్లు కొట్టిన, ఎత్తలే, ఎవనికి చెప్పొద్దన్నదో వానికే చెప్పిన, దొంగను పట్టబోయి నేనే కన్నం ఏసిన.

ఇగ మిగిలింది గొంతు ఒక్కటే, మెషీన్ మళ్ల పెట్టిన, తొందరల వేరే ఆట తెరుసుకున్నది, బంద్ చేసి మళ్ల పెట్టిన, ముఖీమ్ వచ్చిండు, ఏమైందన్నా కరెంటు పోయిందా అన్నడు, నిజం చెప్పురా, నా పెండ్లాం రిపోర్టు సంగతి నీకెవరు చెప్పిండ్రు, ఆమె నీతోని మాట్లాడ్తదా అన్న, తౌబా తౌబా అన్నా, ఏం మాటలవి అన్నడు, తర్వాత మెల్లగ, అన్నా నీ మైకు ఎప్పుడూ ఆన్‌లనే ఉంటది, నీ చేతుల ఉన్నదాంట్లనే చిన్న బొక్క ఉన్నది చూడు, అదే మైకు, కింద బటన్ ఉన్నది, ఇంటి మాటలు వినొస్తున్నయి, అది వత్తు అని నాలుగుసార్లు చెప్పిన, నువ్వు సరే సరే, దారి చెప్పు అన్నవ్, అన్నడు, నేను రిమోట్ తిప్పి చూసిన, బియ్యపు గింజ పట్టేంత సందు, నెల రోజులుగ నా బొటనవేళ్ల నడుమనే ఉన్నది, మొన్న సోమవారం సాయంత్రం అక్క పక్కన కూసొని చెప్పింది గదా అన్నా, గడ్డ ముచ్చట, నేను సౌండ్ తగ్గిచ్చుకుందామనుకున్న, అల్లా కసమ్, కానీ మనం కొండ ఎక్కుతున్నం, నేను దారి చెప్పకపోతే లోయల పడ్తవ్, గందుకే విన్న, గురువారం పదిన్నరకు పోదాం, నువ్వు నడవకు, ఆటోల నా పక్కన కూసో చాలు అన్నది, నువ్వు మాట్లాడలే, మళ్ల అడిగింది, వస్తవా అని, నువ్వు ఎడమకా కుడికా అన్నవ్, నన్ను అడిగినవ్, మూడోసారి గూడ అడిగింది, నువ్వు ఆగు ఆగు అన్నవ్, అటెన్క అక్క, రిపోర్టు మంచిగ రాకపోతే శనివారం పట్నం పెద్ద దవాఖానకు పోవాలె అన్నది, నువ్వు ఆఁ శనివారం, సరే అన్నవ్, ఎవరికి చెప్పొద్దు అని గూడ అన్నది, దానికి గూడ సరే అన్నవ్, నేను ఎవ్వరికి చెప్పలే అన్నా, మా అమ్మీ దువాల ఒక అక్క మంచిగుండాలె అని మాత్రం అడుక్కున్నది, పేరు చెప్పలే, నువ్వు పోతవో పోవో అని రెండు రోజుల నుంచి నాకు మనసున పట్టలే, గందుకే అడిగిన, తప్పైతే మాఫ్ చెయ్.

సోమవారం, సోమవారం నాకు మంచిగ యాదికున్నది, ఆ కొండ మొట్టమొదటిసారి ఎక్కింది ఆనాడే, మంచు, ఇరుకు దారి, పైకి చేరినంక ముఖీమ్ శభాష్ అన్నది యాదికున్నది, స్టెల్లా ఏ చీర కట్టుకున్నదో యాదికి లేదు, పక్కన కూసున్నది కావచ్చు, సోఫా అటు దిక్కు బరువు దిగినట్టు అనిపిచ్చింది, మొహం చూసిన్నా, చూడలే, గడ్డ, సూది, ఎవరికి చెప్పకు, ప్రార్థన విన్నపాలు, ఇవి విన్న, నవ్వింది అని అనుకున్న, నవ్విందో ఏడ్సిందో నేను టీవీ దిక్కు ఉండి ఎట్ల చెప్తున్న, గురువారం నాకు తెల్వదు గాబట్టి నేను దొంగను కాదని ఇందాక సాక్ష్యం చూపిచ్చుకున్న, అదే సాక్ష్యం నన్ను పట్టిచ్చింది, చెప్పినా తెల్వలేదంటే ఇంట్ల చెవిటోన్ని నేనొక్కన్నే, గేటు చప్పుడైంది, ఐదూ పది, స్టెల్లా ఇరవై నిమిషాల ముందే వచ్చింది, చెప్పులు ఒకటి వాకిట్ల, ఒకటి గడప మీద వదిలింది, చేతిల ఫోన్ వెలుగుతనే ఉన్నది, వినోద్ ఏడుస్తున్నడు, డిపో నుంచి పర్మిషన్ పెట్టి వస్తున్నడట, నేను అడిగింది ఒక్కటే గదా అన్నది, గట్టిగ గూడ అనలే, టీవీల ముఖీమ్ ఇంక లైన్లనే ఉన్నడు, నేను మైకు బటన్ వెతికి వత్తిన, నారింజ రంగు లైటు ఎలిగింది, రిమోట్ కింద పెట్టిన, అబద్ధాలు మూడు నాలుగు నాలుక మీదికి వచ్చినయి, ముఖీమ్ మీద, అనంతమ్మ మీద, నెట్టు మీద, మింగేసిన, చెప్పిన, వినోద్‌కు నేనే చెప్పిన స్టెల్లా, వాడే చెప్పిండని వాని మీద అరిసి నేనే చెప్పిన, నిన్ను గూడ అనుమానపడ్డ, ఏమని పడ్డనో చెప్తే నువ్వు ఈ ఇంట్ల ఉండవు, అయినా అడిగితే చెప్త, నువ్వు సోమవారం నాతోని చెప్పింది ఆ పరాయోడు విన్నడు, నేను వినలే, నీ రిపోర్టు రేపు అని వాడు చెప్తే నాకు తెల్సింది, మూడుసార్లు అడిగినవట, తోడు రమ్మని, ఆ మూడుసార్లు నేను ఈ గదిల లేను, తప్పు నాది, ఇంకెవ్వరిది కాదు, కూసో, మొదటి నుంచి చెప్పు.