పున్నమినాడు పుట్టింటికొచ్చిన మైసుయి

మైసుయి మిట్టమధ్యాహ్నం పుట్టింటి గడపలో కూలబడింది. ఎడం మోచెయ్యి గుమ్మడిపిందెలా వాచిపోయింది. తల్లి లువాన్ అవ్వ ఆ చెయ్యి చూసింది, ఆకాశం చూసింది. ఎనిమిదో నెల పున్నమి, చంద్రుడి పండగ.

"ఇంకో రోజే దొరకలేదా తల్లీ నీకు?"

"కొట్టేవాడు పంచాంగం చూసి కొడతాడా? ఈసారి నా మొగుడు గడ్డికోసే కత్తి తీశాడే అమ్మా. ఇవాళ వెనక్కి పంపావో, రేపు నన్ను చుట్టడానికి చాప తెచ్చుకో."

ఆ వైపు పుట్టిన ప్రతి ఆడదానికీ పాలతోపాటు తాగించిన మాట ఒకటుంది: పెళ్లైన కూతుర్ని పంటకాలమంతా ఉంచుకో, పున్నమి చంద్రుణ్ణి మాత్రం పుట్టింట చూడనివ్వకు, వంశం ఎండిపోతుంది. లోపలి గదిలో కోడలు పచ్చి బాలింత. మనవడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

పొద్దు వాలుతుండగా కొడుకు తియెష్వాన్ పొలం నుంచి వచ్చాడు. "తిన్నావా చెల్లీ? తిని బయల్దేరు. చంద్రుడు రాకముందే ఏరు దాటాలి."

"దాని చెయ్యి చూడరా," అంది అవ్వ.

"చూశాను. రేపు రమ్మను, నా కంచంలో పెడతాను. ఇవాళ కాదు. నా కొడుక్కేమన్నా అయితే నువ్వు కనిస్తావా?"

"రేపటిదాకా నేనుంటేగా, అన్నా," అంది మైసుయి.

వాకిట్లో చంద్రుడి మొక్కుకి బల్ల మీద పుచ్చకాయ, సోయాకాయల కొమ్మలు, కోడిజుట్టు పూలు, చంద్రుడి రొట్టె సర్ది ఉన్నాయి. అవ్వ అగరొత్తుల కట్ట ఒళ్లో పెట్టుకుని కూలబడింది.

"సరే, పంపు. చంద్రుడికి మగాడు మొక్కకూడదు. నీ పెళ్లాం నెల నిండేదాకా గడప దాటకూడదు. మిగిలిన ఆడదాన్ని నేను. నేను మొక్కను."

"పండగపూట బెదిరింపులా అమ్మా?"

"బేరం."

చంద్రుడొచ్చే వేళకి గోడ మీద ఆకాశం తెల్లబడుతోంది. తియెష్వాన్ అవ్వ ఒళ్లోంచి అగరొత్తులు లాక్కున్నాడు, పొయ్యిలో ముట్టించాడు, బల్లముందు నుదురు నేలకానించాడు. మగాడు! అవ్వ నోరు తెరిచేసింది.

"ఆచారం తప్పావురా."

"ఇంటి మేలు కోసం. ఆ చంద్రుడికి తెలుసు."

"అంటే తప్పొచ్చన్నమాట. నీకు అవసరమైతే తప్పొచ్చు."

అప్పుడే గాడిదబండి ఆగింది. అల్లుడు మెంగ్ ఫా దిగాడు, ఉతికిన చొక్కా, నూనె రాసిన జుట్టు. "అత్తా, బాగున్నావా? చెప్పకుండా వచ్చేసింది పిచ్చిది. దీని వాటా ఎవరు తింటారని మా అమ్మ రొట్టె కోయకుండా కూచుంది." నవ్వుతూనే మైసుయిని లేపాడు, వాచిన చెయ్యే పట్టుకుని. మైసుయి పెదవి కొరుక్కుంది.

"జాగ్రత్తగా తీసుకెళ్లు బావా," అన్నాడు తియెష్వాన్, ఎటో చూస్తూ.

అవ్వ లేచింది. కూతురి పక్కనే బండెక్కి కూచుంది.

"ఇదేంటత్తా?"

"అత్త అల్లుడింట పున్నమి చూడకూడదని ఎక్కడన్నా ఉందా? ఉంటే చెప్పు, దిగుతాను."

మెంగ్ ఫా ఆలోచించాడు. తియెష్వాన్ ఆలోచించాడు. లేదు. ఇంత సిగ్గుమాలిన పని ఏ ముసల్దీ చెయ్యదనుకుని ఆ నిషేధం ఎవరూ పెట్టలేదు.

"ఎన్నాళ్లుంటావేం?" మెంగ్ ఫా గొంతులో నవ్వు పోయింది.

అవ్వ కూతురి వాచిన చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. కూతురికి కాపలాగా ఈ రాత్రి మేలుకుంటుంది. రేపూ మేలుకుంటుంది. ఆ తర్వాత ముసలి కన్ను మూతపడక మానదు. అది మెంగ్ ఫాకీ తెలుసు. గాడిదని అదిలించాడు.