నాలుగు పాయింట్ పది

టి. నగర్‌లోని ఆ చీరల కొట్టు పై అంతస్తులో, స్టాకు గది మూల, గోడకు బిగించిన స్విచ్ పెట్టె ముందు దాన్ని అమ్మిన కంపెనీ నుంచి వచ్చిన జనని చతికిలబడి కూర్చుంది. మూడు అంతస్తుల బిల్లింగ్ కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపేది ఆ పెట్టే. ఐదు నెలలుగా, సాయంత్రం జనం పెరగగానే అన్నీ ఒక్కసారి బిగుసుకుపోతున్నాయి.

"సార్, దీంట్లో ఉండే సాఫ్ట్‌వేర్ నాలుగు పాయింట్ తొమ్మిది. కొత్తది మీకు రాలేదా?"

"ఇదే కదమ్మా కొత్తది," అన్నాడు కోదండరాం. "మీ కంపెనీవాళ్లు రెండు ఫ్లాపీలు పంపినారు. నాలుగు పాయింట్ తొమ్మిది, నాలుగు పాయింట్ పది. పెద్దది ఎక్కించినా. చిన్నది బీరువాలో పెట్టినా."

డిగ్రీ చదివి, ఇరవయ్యారేళ్లు గుడ్డ మీటర్లలో కొలిచినవాడు. కంప్యూటర్లు వచ్చాక వాటి బాధ్యతా ఆయనకే అప్పగించారు. నాలుగు పాయింట్ తొమ్మిది మీటర్ల గుడ్డ ఎక్కడ, నాలుగు పాయింట్ పది ఎక్కడ!

జనని నవ్వలేదు. ఆ అమ్మాయి చేసిన మొదటి ఉపకారం అదే.

"ఇల్లె సార్, ఇది మీటర్ లెక్క కాదు. చుక్కకు ముందరి నంబర్ వేరే, వెనకది వేరే. పెద్ద మార్పు చేస్తే ముందరిది పెరుగుతుంది. చిన్న చిన్న రిపేర్లకంతా వెనకది ఒక్కొక్కటే పెరుగుతుంది. డోర్ నంబర్ మాదిరి. తొమ్మిదో ఇల్లు దాటితే పదో ఇల్లే కదా?"

బీరువాలోని ఫ్లాపీతో వచ్చిన కాగితం మడత కూడా విప్పలేదు. జనని విప్పి చదివింది. రద్దీలో పెట్టె స్తంభించే లోపాన్ని నాలుగు పాయింట్ పదిలో సరిచేశామని అందులో రాసి ఉంది.

కోదండరాం చీరల మూట మీద కూలబడ్డాడు.

"ఆదిమూలం," అన్నాడు.

ఆ కొట్టులో కేబుళ్లు వేసింది ఆదిమూలం. తప్పు ఆ కేబుళ్లదేననుకుని, కౌంటర్లలోని వాళ్లందరూ చూస్తుండగా, "నీ చేతులకు పని మరిచిపోయినాది, పోబ్బా" అన్నది కోదండరామే. అంతటితో ఆగక అతనికి పని ఇవ్వొద్దని మరో నాలుగు కొట్లకు ఫోన్ చేసి చెప్పింది కూడా తనే.

జనని టేబుల్ ఫ్యాన్ ఆయన వైపు తిప్పి, బీరువాలోని ఫ్లాపీ ఎక్కించి, అన్ని కౌంటర్లలోనూ ఒకేసారి బిల్లులు కొట్టించింది. ఒక్కటైనా ఆగితే బాగుండునని కోదండరాం లోలోపల మొక్కుకున్నాడు. ఒక్కటీ ఆగలేదు.

ఆటో ఎక్కి నేరుగా చూలైలోని ఆదిమూలం ఇంటికి వెళ్లాడు. ఆదిమూలం భార్య తంగమ్మ, ఎందుకొచ్చారని అడగకముందే చెంబుతో నీళ్లిచ్చింది. తాగలేకపోయాడు.

ఆదిమూలం కోదండరాం చెప్పిందంతా విన్నాడు.

"మీకు ఎప్పుడు తెలిసినాది సార్?"

"పొద్దున పదకొండుకి."

"ఇప్పుడు ఒంటిగంట. రెండే గంటల్లో, బిర్నే వచ్చినారు. మీరు చెప్పినారని నేనూ నమ్మేసినా సార్. నా చెయ్యే చెడిపోయినాదని పనిముట్లంతా ఇచ్చేసినా. ఇప్పుడు రాయపురం చేపల రేవులో ఐస్ మోస్తుండా."

ఆదిమూలం అరిచినా, తిట్టినా కోదండరాం తట్టుకునేవాడే. తన మాట నమ్మాడంటే మాత్రం ఎటు చూడాలో తెలియలేదు.

"రేపు రా ఆదిమూలం. అందరి ముందరా నేనే చెప్తా. ఆ నాలుగు కొట్లకూ నేనే వస్తా."

"రేపెందుకు?" దండెం మీది చొక్కా లాగి తొడుక్కున్నాడు ఆదిమూలం. "సాయంత్రం అయితే ఆడ అందరూ ఉంటారు. ఐదు కొట్లూ తిరగాల కదా. లేవండి."

తంగమ్మ గుమ్మంలోకి వచ్చి, "గట్టిగా చెప్పండి సార్," అంది. "ఆ దినం మీరు అన్నంత గట్టిగా."