వాసవాంబ చదివిన ధర్మపత్రము

శరత్కాలప్రభాతమున బందరుపురోపాంతలవణక్షేత్రములు బాలభానుకిరణస్పర్శచే రజతఫలకములవలెఁ దళతళ మెఱయుచుండఁగా సముద్రమునుండి వీచు చల్లనిగాలి మల్లికార్జునశ్రేష్ఠిగారి పెరటిలోని పారిజాతకుసుమములను మెల్లమెల్లన నేల రాల్చుచుండెను.

అట్టి వేళ ఆ యింటిముందు బండి దిగిన వాసవాంబ ముప్పదియాఱేండ్ల ప్రాయముగల విధవ. శైశవమున తలిదండ్రులు గతింపఁగా తాతయగు మల్లికార్జునశ్రేష్ఠియే యామె నొడిలోనిడుకొని యక్షరములు దిద్దించి తన గుఱ్ఱపుబండిలోఁ బాఠశాలకుఁ గొనిపోయి భూపటముపై వ్రేలుంచి నదుల పేళ్లు చెప్పించుకొని మురిసెడువాఁడు. ఆమె పదుమూఁడవయేట నాయన కాలధర్మము నొందెను. ఆస్తినెల్ల మనుమలకొఱకు ధర్మనిధిగా నేర్పఱచి కుమారుఁడగు గురునాథశ్రేష్ఠిని ధర్మకర్తగా నియమించెనని మాత్రమే యామె వినియుండెను. మఱునెలలోనే పినతండ్రి యామె చదువు మాన్పించి గుంటూరివారికిచ్చి వివాహము చేసెను. ఏటేట దసరాకు పట్టుచీర పంపుచుండెను. అది యాయన దయయో తన హక్కో యామె యెఱుఁగదు.

ఇప్పుడు కూఁతురు కనకవల్లి చెన్నపట్టణమున వైద్యవిద్య నభ్యసింపఁ గోరుచున్నది. నిధిలో నందులకు వీలున్నదా యని పినతండ్రికి వ్రాసిన మూఁడు జాబులకును బదులు రాలేదు. అందుచేతఁ దానే వచ్చెను.

"బాబాయిగారూ! తాతగారు వ్రాసిన పత్రము నొకపరి నాకుఁ జూపింపుఁడు."

గురునాథశ్రేష్ఠి మొగము చిట్లించి "ఏ పండుగకైన నీకుఁ జీర పంపుట మానితినా? నాయందు నమ్మకము లేదా?" యనెను.

"నమ్మకము లేక కాదు. నాకొఱకు వ్రాసినదానిని నేను చదువవలదా?"

"ఆఁడువారి కా గొడవ లేల తల్లీ! భోజనము చేసి పొమ్ము."

ఆమె భోజనము చేయక తిన్నగా వకీలు నరసింగరావుగారి యింటికేఁగెను. ఆ వృద్ధుఁ డంతయు విని "అమ్మా! నిధి యెవరి మేలుకొఱ కేర్పడినదో వారు పత్రముఁ జూచుటకును నిర్వహణము నెఱుఁగుటకును హక్కుగలవారు. చూపుట ధర్మకర్త దయ గాదు, విధి" యని పలికి యానాఁడే నోటీసు పంపెను.

నాలవనాఁడు గురునాథశ్రేష్ఠి తానే పత్రమును దెచ్చి వకీలుగారి బల్లమీఁద నుంచెను. వాసవాంబ చదువసాగెను. రెండవపుట నడుమ నిట్లుండెను: "నా మనుమరాలు వాసవి యెంతవఱకుఁ జదువఁ గోరునో యంతవఱకుఁ జదివింపవలయును. వివాహమునకుఁ దొందరపడరాదు. ఆమె బిడ్డలకును నిట్లే జరుపవలయును."

ఇరువదిమూఁడేండ్లకుఁ దాతగారి కంఠస్వరము ఆ గదిలో వినవచ్చినట్లయ్యెను. బడి మానిన దినమున పలకను గుండెల కదుముకొని తాతగారు తన్ను మఱచిరని వెక్కివెక్కి యేడ్చిన చిన్నది యామె కన్నులయెదుట నిలిచెను.

"ఆఁడపిల్లను బెండ్లి సేయక చదివించినఁ గులమువారు నవ్వుదురని వెఱచితిని. ఇది చదివినచో నీవు రచ్చ చేయుదువని దాఁచితిని" అని గురునాథశ్రేష్ఠి తలవంచెను.

"నా చదువును మీరు తిరిగి యీలేరు, బాబాయిగారూ. కనకవల్లి చదువును మాత్ర మాపకుఁడు" అని యామె కన్నులొత్తుకొనెను. ఆయన యచ్చటనే యంగీకారపత్రము వ్రాసి సంతకము చేసెను.

కనకవల్లి చెన్నపట్టణము చేరెను. వాసవాంబ యా పత్రమునకు స్వహస్తముతోఁ బ్రతులు వ్రాసి తాతగారి మనుమలకెల్లరకును బంపెను. ఇచ్చినవాని ప్రేమ పుచ్చుకొనువానికిఁ దెలియనంతకాలము సగమే యిచ్చినట్లు. ఆ శీతకాలమంతయు సాయంసమయములందు గుంటూరిలో నొక యింటి యరుఁగుపై నొక తల్లి తనకుఁ గంఠస్థమైన రెండవపుటను మరల మరల విప్పి చదువుకొనుచుండెను.