ఎండ చూచిన దినములు

పుష్యమాసము ఇంకను ముగియని ఆ దినములలో భూగోళపు నడినెత్తికి చేరువనున్న స్వీడను దేశమున సూర్యభగవానుడు కొలువునకు ఆలస్యముగా వచ్చి పెందలకడ ఇంటికి బోవు ఉద్యోగివలె ప్రొద్దెక్కిన పిమ్మట గానవచ్చి మూడుగంటలు దాటినంతనే వెడలిపోవుచుండెను. ఉన్న ఆ కొలదిసేపును నడుము నిటారుగా నిలుపక ఆకాశపు టంచుననే వంగి నడచుచు హిమాచ్ఛాదిత సౌధశిఖరములను ఘనీభూత సరోవరములను పత్రవిరహిత భూర్జవృక్షపంక్తులను బలుకరించీ పలుకరింపనట్లు పలుకరించుచుండెను. అట్టి యెండను జూచి ఎండ యనుటకు మంచి మనసు వలయును.

ఆ దేశపు పడమటి భాగమున నొక చిన్న పట్టణమందలి నేతవిద్యాశాలలో అర్ధసంవత్సరకాలము చదువుటకై నల్లగొండసీమలోని పుట్టపాకనుండి పద్మశాలి కులసంజాతయు ఇరువదియొక్కయేండ్ల ప్రాయముగలదియు మాటకు మాట అప్పగించుటలో ఇంటివారిచేతనే పేరు వడసినదియునగు భార్గవి యను కన్యక వచ్చి చేరెను. ఆమె పెట్టెలో ఉన్నివస్త్రములకంటె ముందుగా జోటు సంపాదించినవి మూడు నూలుచిలపలు, అనగా పోగుల కట్టలు. నువ్వులనూనెయు ఆముదపుకాయల తొక్కలు కాల్చిన బూడిదనీరును గలిపి అందు నూలును బిసికి యెండలో నారవేసి మఱునాడు మఱల బిసికి మఱల నారవేసి యిట్లు ఇరువదియొక్క దినములు చేసినచో ఆ నూలు పట్టిన యెఱుపును ప్రాణము పోయినను విడువదు. వాసన మాత్రము గానుగయింటి వాసన.

ఈ లెక్కయందు ఆమె నాయనమ్మ అండాలమ్మకు సొంత శాసన మొకటి కలదు. ఎండ చూడని దినము దినము కాదు. మబ్బు కమ్మిన నాడు నూలును ఎంత పిసికినను ఆమె గోడమీద గీత గీయదు. ఆ లెక్కచొప్పున పదునేడు దినములు అండాలమ్మ చేతులమీదుగా గడచెను, తక్కిన నాలుగును మనుమరాలి వంతాయెను. విమానమున మేఘములపైన నెగిరిన దినమునకు గూడ గీత పడలేదు, ఏలనన నూలు పెట్టెలో నుండెను గదా!

సోమవారమున చదువు ప్రారంభమయ్యెను. ఆ శాలయందు నేతకు అధికారిణి గునిల్లా యను నఱువదేండ్ల స్త్రీ. తెల్లని పొట్టిజుట్టును తెల్లని పనిచొక్కాయును గలిగి యెవరినైనను కన్నులలోనికే చూచి మాటలాడు స్వభావము గలది. ఆ దేశమున శిష్యులు గురువులను బేరుపెట్టి పిలుతురు, భార్గవికి మాత్రము నోరు రాక మేడమ్ అనియే పిలిచెను. ప్రతి అర్ధసంవత్సరపు మొదటి దినమునను విద్యార్థులందఱు తమ నూలును మఱుగుచున్న సబ్బునీట నుతికి తెల్లగావించి, దినచర్యపుస్తకపు మొదటిపుటలో మొదటి దినము అని వ్రాసికొని, తెల్లనూలు ముక్క నందు కుట్టుట ఆ శాల యాచారము. గునిల్లా వరుసగా బల్లలను జూచుచు వచ్చి భార్గవి చిలపలకడ నాగి ముక్కు ముడిచెను. ఆమె పలికినది ఆంగ్లమే యైనను మన కథకు దగిన దుస్తులు దొడిగించి వినిపింతును.

"ఇది మలినమైయున్నది. దీనిని ముందుగా నుతుకుము."

"ఇది మలినము కాదు మేడమ్. నూనె. పదునేడు దినములు పట్టించిన నూనె."

"ఏదియైనను సరియే. ఇచ్చట నెవరి పూర్వము ఎట్టిదైనను అందఱును తెల్లనూలుతోడనే ప్రారంభింతురు. అదియే న్యాయము."

"నా నూలు ఎన్నడో ప్రారంభమైనది. నేను ప్రారంభించుటకు రాలేదు, కొనసాగించుటకు వచ్చితిని."

ఆ గదిలో కుట్టుచున్న సూదులు నిలిచిపోయెను. పరదేశమున మొదటి దినముననే పెద్దదానికి ఎదురాడితినే యని భార్గవి నొచ్చుకొనెను గాని చిలపలపై నుంచిన చేయి మాత్రము కదలలేదు. గునిల్లాయు స్వరము హెచ్చింపలేదు. ఆ శాలయందు రెండంతస్తులు కలవు. మేడమీద పడుగుపోగులను వంతులవారీగా నెత్తు నిరువదినాలుగు అడ్డల పెద్దమగ్గములు, క్రింద మగ్గమన నేమో యెఱుగనివారికి పోగతుకుట నేర్పు గది. ఆ మేడమీది మగ్గములకొఱకే భార్గవి సముద్రములు దాటివచ్చినది. పోగతుకుట ఆమె తొమ్మిదవయేటనే నేర్చినది.

"శుక్రవారమున ఎఱ్ఱరంగునకై మంజిష్ఠవేళ్ల కాగు పెట్టుదుము. నా తెల్లనూలును నీ నూనెనూలును ఒకే కాగులో ముంచి పిమ్మట సబ్బునీట నుడికింతము. నీ నూలు రంగు విడిచెనా, నీవు క్రిందిగదికి బోయి తెల్లనూలుతో మొదలిడవలెను" అని గునిల్లా పలికెను.

"విడువదు" అని భార్గవి పలికెను.

పలుకుట సులభము. నాలుగు దినముల యెండ మిగిలియుండెను, శుక్రవారమునకు నాలుగు దినములే యుండెను, ఆకాశమా పరాయి ఆకాశము. అయినను ఆ మధ్యాహ్నమే ఆమె రంగులగదిలోని రాతితొట్టిలో ఇంటినుండి తెచ్చిన నూనెను బూడిదను నీట గలిపి, చేతులను మోచేతులవఱకు ముంచి నూలును బిసికి, ప్రాంగణమున తివాచీలను వ్రేలాడదీసి దులుపుటకై పాతిన యినుపకమ్మిమీద నారవేసెను. కిటికీలకడ మూగిన సహాధ్యాయులు మంచులో బట్టలారవేయు ఈ విచిత్రమును జూచి నవ్వుకొనిరి. గంట గడచునంతలో చిలపలు గడ్డకట్టి కట్టెలయ్యెను. భార్గవికి దుఃఖము పొంగివచ్చెను. వెంటనే ఫోను తీసి ఇంటికి జేసెను.

"నాయనమ్మా, నూలు కట్టెలెక్క బిగుసుకపోయింది. వంచితే ఇరుగుతదేమో అనిపిస్తున్నది."

"ఎండ ఉన్నదా లేదా, గది చెప్పు ముందుగాల" అని అండాలమ్మ యడిగెను.

"ఉన్నది గని సల్లగున్నది. ఒంటికి తాకినట్టే లేదు."

"సల్లటెండైతేంది, ఎండ ఎండనే. ఎండ నూలుకు గావాలె గని నీకు గాదు గద! రాసుకో, పద్దెనిమిది."

"మా మేడమేమో ఉతుకుమంటున్నది. గలీజున్నదంట."

"గామెకు తెల్వదు బిడ్డా. తెల్వనోళ్ల మీద కోపమెందుకు? గని నువ్వు ఉతికినవనుకో, మల్ల నా ముంగటికి రాకు."

ఈ యాశీర్వచనముతో భార్గవికి బ్రాణము లేచివచ్చెను. కన్నులు తుడుచుకొని కమ్మికడకు బోయి చూడగా కట్టెగట్టిన చిలపలలోని మంచు నీరుగా గారక పొడిపొడిగా రాలి నూలు క్రమముగా మెత్తబడుచుండెను. మంగళవారమును ఎండ కాసెను. పందొమ్మిది.

బుధవారమున హిమవర్షము కురిసెను. ఉదయమునుండి సాయంకాలమువఱకు ఆకాశము బూడిదగుడ్డ కప్పుకొని పండుకొనెను. భార్గవి కిటికీకడ గూర్చుండి ఈ దినమును గూడ లెక్కించినచో నెవరు చూడవచ్చిరి, పుట్టపాక గోడ రెండువేల క్రోసుల దూరమున నున్నది గదా యని తలపోసెను. ఆ తలంపు రాలేదని చెప్పినచో కథకుడు కల్లలాడినవాడగును. కలము తీసి కాగితముమీద బెట్టి కూడ ఆమె గీత గీయలేదు. గునిల్లా యెదుట తల యెత్తుకొని నిలువవలెనన్న మొదట ఆ గీతలు నిజమైనవి కావలయును. గురువారమున సూర్యుడు రెండుగంటలు మాత్రము ముఖము చూపెను. ఇరువది. శుక్రవారము తెల్లవాఱునప్పటికి మఱల మబ్బు.

నిర్ణీతసమయమునకు విద్యార్థులందఱు రంగులగదిలో జేరిరి. పటికనీట నానిన రెండు చిలపలు, ఒకటి తెల్లనిది మఱియొకటి నూనెది, మంజిష్ఠ కాగులో ప్రక్కప్రక్కన దిగెను. కాగు సెగకు గది యంతయు గానుగవాసన నిండగా కొందఱు మెడగుడ్డలు ముక్కునకు జుట్టుకొనిరి. రెండుగంటల పిమ్మట గునిల్లా కఱ్ఱతో రెండింటిని బైకెత్తెను. తెల్లనూలు ఇటుకపొడి రంగున నుండెను, నూనెనూలు తాంబూలము వేసిన నోటివలె నుండెను. ఎవరును నవ్వలేదు. రెండింటిని సబ్బునీట నుడికించిరి. ఒక గిన్నెలోని నీరు ఎఱ్ఱబాఱి అందలి నూలు వెలవెలబోయెను, రెండవ గిన్నెలోని నీరు నీరుగానే యుండెను.

గునిల్లా కన్నద్దములు పెట్టుకొని భార్గవి చిలపను పోగుపోగు విడదీసి చూచెను. ఒకచోట జానెడు మేర ఎఱుపు పలుచబడియుండెను. "ఇచ్చట లోపమున్నది" అని వ్రేలితో జూపెను.

"ఉన్నది. ఇరువదియొక్క దినములు కావలయును, ఇరువదే యైనవి. మిగిలిన దానిని మీ యాకాశము నాకీయలేదు" అని భార్గవి పలికెను.

"ఇరువదియొకటి యైనదని చెప్పియుండవచ్చును గదా."

"కానిదానిని అయినదని చెప్పుట మా యింట లేదు."

గునిల్లా కన్నద్దములు తీసి "మేడమీద నాలుగవ మగ్గము నీది" అనియెను. అంతతో నూరుకొనినచో ఆమె గునిల్లా యెట్లగును? దినచర్యపుస్తకమును ముందునకు ద్రోసి "ఆచారము ఆచారమే, మొదటిపుటలో మొదటి దినము అని వ్రాయుము" అని జోడించెను. భార్గవి కలము తీసికొని ఎఱ్ఱపోగును అందు గుట్టి దానిపైన తెలుగక్షరములతో ఇరువదవ దినము అని నిదానముగా వ్రాసి పుస్తకమును త్రిప్పి గురువు ముఖమున కెదురుగా నుంచెను. అర్థ మడిగినపుడు అర్థమును జెప్పెను. మార్చుమన్నపుడు మార్చనని చెప్పెను.

సరిగా నపుడే కిటికీగుండ పలుచని వెలుతురు బల్లమీద బడెను. మబ్బు విచ్చెను. భార్గవి మఱి యెవరివంకను జూడలేదు, అనుమతియు నడుగలేదు. మిగిలిన రెండు చిలపలను తొట్టిలో ద్రోసి నూనెబూడిదలతో బిసికి, ఒకదానిని భుజమున వైచుకొని మెట్లు దిగి పరుగెత్తెను. మంచులో నిలిచి దానిని కమ్మిమీద విప్పి వేయుచు రెండవదానికై వెనుదిరిగి చూచునంతలో గునిల్లా వచ్చుచుండెను. ఆమె ఒకచేత ముక్కు మూసికొని రెండవచేత నూనె కారుచున్న చిలపను శరీరమున కెంత దూరముగా బట్టుకొన వీలగునో అంత దూరముగా బట్టుకొని, చంకలో పుస్తకము నిఱికించుకొని యుండెను.

చిలపలు రెండును ప్రక్కప్రక్కన వ్రేలాడెను. "ఈ యెండ లెక్కకు వచ్చునా?" యని గునిల్లా యడిగెను.

భార్గవి ఆకాశమువంక జూచి "వచ్చును" అనెను.

వ్రాయవలెననిన ఆమె చేతులు మోచేతులవఱకు నూనెతో దడిసియుండెను. గునిల్లా పుస్తకమును దెఱచి ఇరువదవ దినము క్రింద, తెలుగెఱుగని చేతితో, తన దేశపు టంకెలలో ఇరువదియొకటి యని వ్రాసెను.