గుంజయ్య స్వామికి ఉద్వాసన

నేను ఒక ఇనుప గుంజను. నాలుగడుగుల ఎత్తు, ఒంటి నిండా పసుపూ నలుపూ చారలు. గుంజ కూడా ఆత్మకథ చెప్పుకోవాలా అని మీరు మూతి తిప్పుకుంటే తిప్పుకోండి. ఓ నెలన్నర పాటు ఈ ఊళ్ళో జనం చెప్పులు విడిచి నాకు దణ్ణం పెట్టారు. మీలో ఎంతమందికి ఆ యోగం పట్టింది?

నేను పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో, పొడుగాటి గొట్టంగా. నన్ను కొన్న మొదటి మహానుభావుడు, కూతవేటు దూరంలో గోదావరి పారుతుంటే, దొడ్లో బోరు వేయించాడు. నీళ్ళు పడలేదు. ఆ కోపం నా మీద చూపించి పాత ఇనప సామాన్ల కొట్టుకు పంపించాడు. అక్కడ రెండేళ్ళు తుప్పు పట్టాక, బాజీ అనే వెల్డింగు మేస్త్రి నన్ను కొని, కోసి, కడుపులో సిమెంటు పోసి, ఈ చారలు వేశాడు.

అప్పుడే ఒడ్డున పార్కు కట్టారు. బాగానే కట్టారు, కాదనను. కానుగ చెట్లు, బల్లలు, నీళ్ళ అంచున కటకటాలు. రోడ్డు మీంచి అక్కడిదాకా ఒక్క మెట్టు కూడా లేని నున్నటి ఏటవాలు బాట. చక్రాల కుర్చీ వాళ్ళ కోసమని నీలం బోర్డు మీద బొమ్మ కూడా గీశారు. వారం తిరక్కుండా ఆ బాటలోకి స్కూటర్లు దిగాయి. పొద్దున నడిచేవాళ్ళకో సంఘం ఉంది. దాని అధ్యక్షుడు కామరాజు గారు, కరెంటాఫీసులో రిటైరైన మనిషి, అర్జీ మీద అర్జీ పెట్టి, బాట మొదట్లో సరిగ్గా నడిమధ్యన నన్ను పాతించాడు. నాకు అటు మూరెడు సందు, ఇటు మూరెడు సందు. బోర్డు మీద కుర్చీ బొమ్మ అలాగే ఉంది. దాని పక్కనే కుర్చీ పట్టకుండా నేనున్నాను. ఈ రెంటినీ కలిపి చూసినవాడు ఒక్కడూ లేడు. స్కూటర్లంటారా, అవి వెనక పడిపోయిన గోడ మీంచి రావడం మొదలుపెట్టాయి.

కలిపి చూసింది సత్యవేణి. రోడ్డుకు అవతల చిన్న గదిలో చేత్తో తిప్పే మిషను మీద జాకెట్లు కుడుతుంది. నాలుగేళ్ళ కిందట ఆటో బోల్తా పడి నడుం కింద చచ్చుబడిపోయింది. పార్కు కట్టినంత కాలం కిటికీలోంచి చూస్తూ రోజులు లెక్కపెట్టుకుందట. బాటలో స్కూటర్లకు జడిసి అన్నాళ్ళూ ఆగి, నన్ను పాతిన మొదటి సాయంత్రం కుర్చీ చక్రాలు తానే తిప్పుకుంటూ రోడ్డు దాటి నా దాకా వచ్చి ఆగిపోయింది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. పట్టలేదు.

సాయానికి మనవాళ్ళు ఎప్పుడూ వెనకాడరు కదా! కామరాజు గారూ మరో ముగ్గురూ పరిగెత్తుకొచ్చి ఆమెను కుర్చీతో సహా ఎత్తి నా మీంచి దాటించారు. అయిదో ఆయన ఫోనులో ఫోటోలు తీశాడు. సత్యవేణి తల వంచుకుని చీర సర్దుకుంటూ కూర్చుంది. పది గజాలు అలాగే మోసుకెళ్ళాక, నీళ్ళ దాకా పోకుండానే, ఇక చాలండి, వెనక్కి తీసుకెళ్ళి రోడ్డు మీద దింపేయండి అంది. ఆ తర్వాత ఎవరు ఎత్తుతామన్నా ఒప్పుకోలేదు. రోజూ వచ్చి నా దగ్గర కాసేపు ఆగి, చెట్ల సందుల్లోంచి కనిపించినంత గోదావరి చూసుకుని వెళ్ళిపోయేది. నాకు సిగ్గేసిందా అంటే, అప్పట్లో లేదు. నా పని నేను చేస్తున్నానని గర్వంగా ఉండేది.

ఆమె ఊరుకోలేదు. మున్సిపాలిటీకి నాలుగుసార్లు తిరిగి, నన్ను తీసేయమని కాగితం మీద సంతకం తెచ్చుకుంది. ఈలోపు దసరా వచ్చింది. పార్కు కాపలాదారు దొరబాబు ఆయుధపూజ నాడు తన కర్రకు బొట్టు పెట్టాడు, గేటు తాళానికి పెట్టాడు, తనకు సగం పని తప్పించిన ఆయుధాన్ని నేనే కదా, నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టాడు. మర్నాడు ఓ ఆటో అబ్బాయి దండ చూసి దణ్ణం పెట్టాడు. వాడిని చూసి ఇద్దరు ఆడవాళ్ళు ప్రదక్షిణం చేశారు. పది రోజుల్లో నేను గుంజయ్య స్వామినైపోయాను. కామరాజు గారైతే నన్ను తాకి కళ్ళకద్దుకోకుండా నడక మొదలుపెట్టేవాడు కాదు. అబ్బో, ఆ వైభోగం నేనూ బాగానే అనుభవించాను.

నెల దాటాక ఆ కాగితం పట్టుకుని, గడ్డపారలతో మున్సిపాలిటీ మనుషులు ఇద్దరు వచ్చారు. పసుపు చూశారు, కొబ్బరి చిప్పలు చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, చెప్పులు విడిచి దణ్ణం పెట్టి, గడ్డపారలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. సత్యవేణి రోడ్డు అవతల నుంచి అంతా చూసింది. ఆ సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. దొరబాబు రెండుసార్లు ఆమె కిటికీ వైపు చూసి, తన కుర్చీని చెట్టు నీడలోకి లాక్కున్నాడు.

మూడోనాటి సాయంత్రం ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని వచ్చింది. అందులో అక్షింతలు, కర్పూరం, రెండు అరటిపళ్ళు. నాకు పూజ చేయడానికే అనుకుని నేను లోపల్లోపల ఉబ్బిపోయాను. ఆమె దొరబాబును పిలిచింది.

"ఈయన్ని దేవుణ్ణి చేసింది మీరే కదండీ. ఉద్వాసన కూడా మీరే చెప్పాలండి."

కామరాజు గారు అడ్డొచ్చాడు. పూజలందుకున్నదాన్ని పీకితే ఊరికి అరిష్టమన్నాడు. కావాలంటే రోజూ నలుగురం వచ్చి ఎత్తుకుని దాటిస్తామన్నాడు. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

"వినాయకుణ్ణి తొమ్మిది రోజులు కూచోబెట్టి గోదాట్లో కలిపేత్తన్నామండి. అంతటాయనే ఏమీ అనుకోవట్లేదు, ఈయనేం అనుకుంటాడండీ?" అంది సత్యవేణి. తర్వాత గొంతు తగ్గించింది. "నన్ను ఎత్తుకెళ్ళేవోళ్ళు బోల్డుమంది ఉన్నారండి, మాస్టారూ. నా అంతట నేను ఎల్లాలని ఉందండి నాకు. అంతేనండి."

కామరాజు గారు నా ముందు నుంచి పక్కకు జరిగాడు. దొరబాబు కాళ్ళు కడుక్కొచ్చి, హారతిచ్చి, నా మీద అక్షింతలు వేసి, శాస్త్రప్రకారం నన్ను ఉత్తరం వైపు కాస్త కదిపినట్టు చేసి, "తవరి చోటికి తవరు దయచెయ్యండి బాబూ" అన్నాడు. నా చోటేదో నాకే తెలియదు, ఎక్కడికి దయచేసేది! కోపం రాలేదంటే అబద్ధం. గడ్డపార దించాడు. ఊడేటప్పుడు పాదాన సిమెంటు ముద్దతో సహా వచ్చాను. ఆ గోతిని మట్టితో పూడ్చి కాలితో తొక్కి చదును చేసింది కామరాజు గారే.

సత్యవేణి చక్రాలు తిప్పింది. గడ్డిలో పడుకున్న నా పక్కనుంచే వెళ్ళింది. బాట దిగుతుంటే మొదట మెల్లగా, తర్వాత ఆపుకోలేక గబగబా పోయింది. మలుపు తిరిగాక నాకు కనబడలేదు. కటకటాల దాకా వెళ్ళి అరగంట అలాగే కూర్చుందనీ, ఏడ్చిందనీ, మళ్ళీ తనలో తనే నవ్వుకుందనీ తర్వాత దొరబాబు చెబితే విన్నాను. అప్పుడు సిగ్గేసింది నాకు. దేవుడినై ఇన్నాళ్ళు నేను కాపలా కాసింది ఆమె రాకుండా చూడడానికన్నమాట!

స్కూటర్ల సంగతి దొరబాబు చూసుకుంటానన్నాడు. తన కుర్చీని చెట్టు కిందనుంచి తెచ్చి బాట మొదట్లో వేసుకున్నాడు. ఇక మిగిలింది నేను. మొక్కిన ఇనుమును పాత సామాన్లవాడికి ఎలా ఇస్తామని కామరాజు గారికి భయం. చివరికి సత్యవేణే చెప్పింది, మలుపు దగ్గర ఎత్తు ఎక్కువగా ఉంది, ఎక్కేటప్పుడు చేతులు పీకుతున్నాయి, పట్టుకోవడానికి ఏదైనా ఉంటే బావుంటుందని. బాజీ వచ్చి, నా సిమెంటు పాదం కోసేసి, మలుపులో కూర్చున్న మనిషి చేతికందే ఎత్తున నన్ను అడ్డంగా బిగించాడు. పసుపూ కుంకుమా వానకు కడిగేసుకుపోయాయి. దణ్ణాలు పోయాయి.

ఆ సాయంత్రం సత్యవేణి కిందనుంచి ఎక్కుతూ వచ్చింది. మలుపు దగ్గర రొప్పు వచ్చింది, చక్రం కాస్త వెనక్కి జారింది. గబుక్కున చెయ్యి చాచి నన్ను పట్టుకుంది. మిషను తిప్పి తిప్పి కాయలు కాచిన చెయ్యి. గట్టిగా పట్టుకుంది. పైనుంచి దొరబాబు చూసి తోయమంటారా అని కేకేశాడు.

"వద్దండి. ఊపిరి తీసుకుంటన్నాను."

తీసుకుంది. తర్వాత నన్ను వదిలేసి, రెండు చేతులా చక్రాలు తిప్పుకుంటూ పైకి వెళ్ళిపోయింది.